అబ్బ కుట్టిన అట్టలు

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం బెంగుళూరులో నా మ్యూజిక్ స్టూడియోలో కూర్చుని టీ తాగుతున్నాను. స్టూడియో అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. అపార్టుమెంటులో ఒక పడకగది. గోడలకు స్పాంజి, కిటికీకి పరుపు, మధ్యలో కంప్యూటరు, రెండు స్పీకర్లు, నేను. చూడవచ్చిన చుట్టాలు ఈ ఇంట్లో ఎవరికైనా మతి చలించిందా అని మా ఆవిడను మెల్లగా అడిగి పోతుంటారు. నా దగ్గర కొన్నేళ్ళుగా సౌండు పని చూస్తున్న మంజుల లోపలికి వచ్చింది. మా అనంతపురంలోనే, కన్నడ సరిహద్దున ఉండే గుమ్మఘట్ట పక్క పిల్ల. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడి, ఇంకా మిగిలిందేమైనా ఉంటే కళ్ళతో చెబుతుంది. వచ్చీ రాగానే మూలనున్న యూపీఎస్ పెట్టె ఆపేసింది.

"ఏమ్మా, దాని జోలికెందుకు పోయినావు? కరెంటు పోతే ఎట్ల?" అన్నాను.

"కుయ్యిమని ఒగటే అరుపన్నా. పొద్దున్నుంచి చెవులు తూట్లు పడుతాండాయి. నువ్వు దాని పక్కనే కూర్చోని టీ ఎట్ల తాగుతాండావో నాకర్థం కాలేదు."

నాకు ఏ అరుపూ వినపడలేదు. ఆ సంగతి నా ముఖం చూసి తనకు తెలిసిపోయింది. తనకు తెలిసిందని నాకు తెలిసింది.

"మంజులా, నేను కలిపిపెట్టే పాటల్లో గూడా ఇట్లాంటియి ఉంటాండాయా?"

"అప్పుడప్పుడు."

"మరి?"

"నేను సరిజేసి పంపిస్తాండానన్నా. చిన్నచిన్నవే. తాళాలు కొంచెం ఎక్కువ గీకుతాంటాయి, అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆమె టీ గ్లాసులు కడగడానికి తీసుకుపోయింది. అందులో ఒకదానిలో నేనింకా తాగుతూనే ఉన్నాను.

చెవుల డాక్టరు నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. ఆ తర్వాత నా వినికిడినంతా ఒక గీతగా గీసి చూపించాడు. మా అనంతపురంలో వానాకాలం ఎట్లా నడుస్తుందో ఆ గీత అచ్చం అట్లాగే ఉంది. మొదట్లో ఏదో ఆశ పెట్టి, ఆ తర్వాత నేల మీద పడి మళ్ళీ లేవలేదు. సన్నటి శబ్దాలు, ఎత్తు శబ్దాలు పోయాయి, ఇక రావు, అన్నాడు. నేను ఒక జోకు వేశాను. ఆయన నవ్వలేదు. నవ్వాడేమో, నాకు వినపడలేదేమో.

శబ్దాలు అమ్ముకుని బతికినవాణ్ణి నేను. ఇక ఈ పని చేయవచ్చా, మర్యాదగా పక్కకు తప్పుకోవాలా అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నాతో పాటే లేచి నాతో పాటే పడుకునేది. దానికంటే విచిత్రం, మంజుల మీద నాకు కోపం వచ్చింది. మేలు చేసిన మనిషి మీద ఈ కోపమేమిటని నన్ను నేను తిట్టుకుంటుంటే, దీన్ని ఇంతకు ముందు ఎక్కడో చూశానే అనిపించింది. చూశాను. అది మా అబ్బ కోపం. అబ్బ అంటే మా వైపు తాత, నాయనకు నాయన.

మాది ధర్మవరంలో పట్టు నేసే ఇల్లు. వీధి వైపు వసారా, దాని వెనక పొడుగాటి గది, గదిలో రెండు గుంత మగ్గాలు. ఒకటి నాయనది. రెండోది, బడి మానేశాక, నాది. ఎనిమిదో తరగతిలో చదువే నన్ను వదిలిందో, నేనే దాన్ని వదిలానో, ఇప్పటిదాకా మేమిద్దరం కూర్చుని మాట్లాడుకోలేదు. వంటిల్లు, పడక, దేవుడి గూడు, అన్నీ మగ్గాలు వదిలిపెట్టిన సందుల్లో సర్దుకునేవి. తెల్లవారి అమ్మ రాట్నం చప్పుడుకు మెలకువ వచ్చేది. తడి పట్టు వాసన, గంజి వాసన, ఉడుకుతున్న రాగి సంగటి వాసన, అబ్బ నశ్యం వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చి పలకరించేవి. ఎండాకాలం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నేల చల్లదనం మోకాళ్ళ దాకా ఎక్కేది, పైన రేకుల కప్పు మాత్రం నిప్పులు పోసేది. మనిషిని సగం కుండలోనూ సగం పెనం మీదా పెట్టినట్టుండేది. వానలు పడకపోతే చెనక్కాయ పంట పోయేది, పంట పోతే రైతుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు వాయిదా పడేవి, పెళ్ళిళ్ళు వాయిదా పడితే మా మగ్గాలకు బూజు పట్టేది. గింజ నాటని మేము కూడా రోజూ ఆకాశం కేసి చూసేవాళ్ళం.

ఏ మగ్గం ఎవరిదో చప్పుడును బట్టి వీధిలో అందరం చెప్పగలిగేవాళ్ళం. నాయన దెబ్బ మిగతావాళ్ళకంటే వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. ఆలోచించి కొట్టినట్టుండేది. అది పద్ధతో, బద్ధకమో నాకు తెలీదు. తర్వాత్తర్వాత గుంతకల్లు లోకోషెడ్డులో పనిచేసే మా మేనమామ ఒక క్యాసెట్ల పెట్టె తెచ్చి ఇచ్చాడు. అక్కడి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఒకాయన ఊరు విడిచి పోతూ ఇచ్చి పోయాడట. మామకు వాటిలో ఒక్క ముక్క అర్థం కాలేదు కాబట్టి నాకు సరిపోతాయనుకున్నాడు. టేప్‌రికార్డర్‌లో పెట్టి విన్నాను. డ్రమ్ము వాయించేవాడి దెబ్బ, ఎవరో గానీ, మా నాయన దెబ్బలాగే ఒక వెంట్రుక వెనక పడుతోంది. ఆ ఆలస్యంలో సాక్సఫోను వాడు తిరిగి తిరిగి ఎక్కడికో పోతున్నాడు. జాజ్ అనే మాట నాకు అప్పటికి తెలీదు. నాయన మగ్గం ఆపకుండానే కాసేపు విన్నాడు.

"ఈ సన్నాయోడు పాట యాడో పడేసుకున్యాడురా, ఎతుకుతాండాడు."

"అట్లనే వాయిస్తారంట నాయనా."

"దొరికినాక చెప్పు, వింటా."

అబ్బకు మోకాళ్ళు పోయి చాలా కాలమైంది, గుంతలోకి దిగలేడు. ఆయనకు మిగిలిన పని అట్టలు కుట్టడం. జకార్డు మగ్గం చూడనివాళ్ళకు చెబుతాను. చీర అంచులో హంసో నెమలో రావాలంటే చిల్లులు పొడిచిన అట్టలను వరసగా దారంతో కుట్టి, దండలాగా చేసి మగ్గం పైన వేలాడదీయాలి. కాలితో ఒకసారి తొక్కితే ఒక అట్ట తిరుగుతుంది. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. దండ ఒక చుట్టు తిరిగితే ఒక హంస. మళ్ళీ తిరిగితే మళ్ళీ అదే హంస. ఇప్పుడు నేను కంప్యూటరులో నాలుగు దెబ్బలు పేర్చి తిప్పుతుంటే కుర్రవాళ్ళు దాన్ని లూపు అంటారు, ఎక్కడ నేర్చుకున్నారు సార్ అంటారు. నేర్చుకున్నదేమీ లేదు, దాని కింద కూర్చుని పెరిగాను.

వరస తప్పినా, అట్ట బోర్లా పడినా బొమ్మ చెడిపోతుంది. అందుకే వీధి మొత్తం అట్టలు అబ్బ దగ్గరికే వచ్చేవి. ఆయన కుంకుడుకాయతో చేతులు కడుక్కుని, వసారాలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కుట్టేవాడు. పని ముగిసేదాకా అన్నం ముట్టేవాడు కాదు. "పని జేసినోనికే ముద్ద" అన్నది ఆయన పెట్టుకున్న చట్టం. పని లేని రోజు అమ్మ ఎంత బతిమాలినా సంగటి ముట్టకుండా, ఇంత మజ్జిగ తాగి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అట్టలు కుట్టడం ఆగిపోయిన రోజు ఈ ముసలాయన ఉండడని మా ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరమూ అనలేదు.

ఒక ఏడు పెళ్ళి చీర పనికి పాత అట్టల కట్ట ఒకటి వచ్చింది. అట్ట మూల కోసి ఉంటే అది ఏ వైపో వేలికి తెలుస్తుంది. ఆ కట్టలో మూలలన్నీ అరిగిపోయి, ఎలుకలు కొరికి, అన్నీ ఒకేలా ఉన్నాయి. అంకెలు కంటితో చూసుకోవాలి. అబ్బ కుట్టాడు, నాయన దండ ఎక్కించాడు, నేయడం మొదలుపెట్టాడు. కాస్సేపటికి మగ్గం ఆగింది.

"ఏమిరా, నిలిపితివి?" వసారాలోంచి అబ్బ.

"పోగు తెగింది నాయనా."

పోగేమీ తెగలేదు. నేను నా గుంతలోంచి లేచి వెళ్ళి చూశాను. అంచులో మొదటి హంస తయారైంది. ఒళ్ళు ముందుకు పోతోంది, తల మాత్రం వెనక్కి తిరిగి ఉంది. తలకు సంబంధించిన అట్టలన్నీ ఒక గుత్తిగా బోర్లా పడ్డాయి. మెడ దగ్గర చిన్న ఎగుడు. అమ్మ రాట్నం వదిలి వచ్చింది. ముగ్గురం ఆ హంస మీదికి వంగి, చిన్నపిల్ల జ్వరం చూసినట్టు చూశాం.

"విప్పి మళ్ళ కుట్టిస్తే పోతాది గదా," అన్నాను గొంతు తగ్గించి.

"కుట్టల్లంటే చెప్పల్ల. చెప్తే కండ్లు పోయినాయని తెలుస్తాది," అన్నాడు నాయన. "ఆయప్ప ఇంగ అట్ట ముట్టడు. అట్ట ముట్టకపోతే సంగటి ముట్టడు. పోయి నీ పని జూసుకో."

"పనిచ్చిన సావుకారి ఏమంటాడో," అంది అమ్మ.

"అననీ."

నాయన మళ్ళీ తొక్కాడు. దండ తిరిగింది, రెండో హంస కూడా వెనక్కి చూసింది. మూడోదీ అంతే. వసారాలో అబ్బ తృప్తిగా నశ్యం పీల్చిన చప్పుడు వినపడింది. ఆయన విన్నది సరైన దెబ్బే, కొడుకు మగ్గం ఎప్పటిలాగే నడుస్తోంది. చీర పూర్తయ్యేదాకా మా ఇంట్లో అందరం నోరు కుట్టుకుని తిరిగాం. అమ్మ ఆయనకు ముద్ద పెట్టి, ఊరిబిండి పచ్చడి కాస్త ఎక్కువే వేసి, తినేదాకా పక్కన నిలబడేది. నేను అబ్బ ఎదుట జోకులు వేయడం ఎక్కువ చేశాను. ఇంట్లో అబద్ధం ఉన్నప్పుడు జోకులు బాగా పండుతాయి.

అయితే మేము మరిచిపోయిన సంగతి ఒకటుంది. మగ్గం మీంచి చీర కోసిన రోజు దాన్ని ఇంటి పెద్ద మడత పెట్టాలి. ఆయన చేతి మడత పడకుండా చీర గడప దాటకూడదు. నాయన "నేను పెడతాలే నాయనా, నీకెందుకు శ్రమ" అన్నాడు. ఆ మాటకే అబ్బ తల తిప్పాడు. అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ ఆయన శ్రమ గురించి అడగలేదు. చీర తెచ్చి ఆయన తొడ మీద వేయక తప్పలేదు. జరీ పట్టు మీద కాస్త ఉబ్బుగా ఉంటుంది. ఆయన బొటనవేలు అంచు వెంబడి నడిచింది. మెడ దగ్గర ఆగింది. ముందుకు పోయింది, రెండో హంస మెడ దగ్గర మళ్ళీ ఆగింది. ఆ వేలు అట్లా చీర చివరిదాకా ఆగుతూ, నడుస్తూ పోవడం మేము నిలబడి చూశాం. పక్కింటి మగ్గం టపటపలాడుతోంది. అంత పొడుగు చీర మేమెప్పుడూ నేయలేదనిపించింది.

"అన్నిట్లోనూ ఇట్లనే ఉండాదా?" అన్నాడు.

ఆయన వేలు మళ్ళీ ఒక హంస మెడ దగ్గరికి వచ్చింది.

"ఒగ హంస తిరిగింటే నీ కన్ను తప్పిందనుకుందును. అన్నీ తిరిగినాయంటే నువ్వు చూసే నేసినావు."

"చెప్తే నువ్వు అన్నం మానేస్తావని, నాయనా..."

"మానేస్తే మానేద్దును. కండ్లు పోయినాయని ఒగనాడు ఏడుద్దును. చెప్పకపోతివి. ఇంగ రేపు నేను కుట్టిందాన్ని నువ్వు బాగుండాదంటే నేనెట్ల నమ్మేది? కండ్లు పోయినాయి సరే. నీ మాట గూడా తీసేసుకుంటివి గదరా నా దగ్గర్నుంచి."

గట్టిగా అనలేదు. బావిలోంచి చేద లాగుతున్నట్టు మెల్లగా, ఒక్కో మాటా అన్నాడు. నాయన అబ్బ పాదాల దగ్గర కూర్చుండిపోయాడు. మా నాయన ఎవరి ముందైనా తల వంచుకోవడం నేను చూసింది ఆ పూటే. అమ్మ "మామా, తప్పయిపోయింది" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అబ్బ మాత్రం చీర మడత పెట్టడం ఆపలేదు. మడత మీద మడత, ఎప్పటిలాగే, అంచుకు అంచు కలిపి పెట్టాడు.

సావుకారి చీర విప్పి, "ఏమప్పా, హంస ఎనక్కి చూస్తాండాదే?" అన్నాడు. "పెండ్లికూతురి సీర గదన్నా, పుట్టింటి పక్క చూస్తాంది" అన్నాడు నాయన. సావుకారి నవ్వలేదు కానీ తీసుకున్నాడు. ఆ డిజైను ఊరంతా పాకిందనీ, అందరూ మాకూ అట్లాంటి హంసే కావాలన్నారనీ రాస్తే బాగుంటుంది. పాకలేదు. అది తలతిరిగిన హంసగానే ఎవరి పెట్టెలోకో పోయింది.

మరునాడు అబ్బ అన్నం మానేస్తాడని ఇంట్లో అందరం బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. ఆయన కుంకుడుకాయతో చేతులు కడుక్కుని, వసారాలో కూర్చుని, నన్ను పిలిచాడు. "ఈడ నా ఎదురుగా కూర్చో. అట్ట చేతికిచ్చేటప్పుడు అంకె గట్టిగా చదువు. నేను తప్పు కుడితే ఆడనే తప్పని చెప్పు. మీ నాయన మాదిరి దయ చూపిస్తివంటే చెయ్యి ఇరుస్తా." అట్లా నేను చదవడం, ఆయన కుట్టడం మొదలైంది. వీధిలోవాళ్ళు వచ్చి చూసి, ముసలాయనకు కళ్ళు పోయినట్టున్నాయే అన్నారు. "పోయినాయి," అన్నాడు అబ్బ. "ఈని కండ్లు అరువు తీసుకున్యా. నీకేమన్నా కష్టమా?" ఆ తర్వాత కూడా అట్టలు వస్తూనే ఉన్నాయి, కొంచెం తక్కువగా. ముద్ద తింటూనే ఉన్నాడు, కొంచెం తక్కువగా. రోజులో రెండు మూడుసార్లు "తప్పు అబ్బా" అనేవాణ్ణి. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ముఖం ముడుచుకుని, వెంటనే తేటపడేది. తన కింద నేల గట్టిగానే ఉందని కాలితో తట్టి చూసుకున్న మనిషిలా.

తర్వాత నేను బెంగుళూరు చేరాను. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను, ప్రకటనలకు ట్యూన్లు కట్టాను, కంప్యూటరు వచ్చాక దాని ముందు కూలబడి లేవలేదు. మగ్గం చప్పుళ్ళు రికార్డు చేసుకుని, వాటి మీద సాక్సఫోను పెట్టి, జాజ్ నడకతో ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తానని పేపర్లవాళ్ళు రాశారు. మా వీధిలో మాత్రం ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే కరెంటు పోతే ఆగిపోయే పాట అని అర్థం. కంప్యూటరులో ఒక మీట ఉంటుంది, అది నొక్కితే ఆలస్యంగా పడిన దెబ్బలన్నీ గీత మీదికి వచ్చి బుద్ధిగా నిలబడతాయి. నేను దాన్ని ముట్టను. ఎందుకని అడిగితే హంసల కథ చెప్పేవాణ్ణి. ఒకసారి పడితే తప్పు, ప్రతి చుట్టులోనూ అదే చోట పడితే అదే డిజైను, జాజ్ వాళ్ళూ అదే చెబుతారు అని. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. నిజానికి కథ అక్కడితో అయిపోలేదు. చీర మడత పెట్టేటప్పుడు అబ్బ అన్న మాటలు ఎక్కడా చెప్పలేదు. చప్పట్లకు అవి పనికిరావు.

ఇప్పుడు ధర్మవరంలో మా వీధిలో జకార్డుకు అట్టలే లేవు. డిజైను పెన్‌డ్రైవులో వస్తుంది, కరెంటు మగ్గంలో పెడితే అదే నేస్తుంది, హంసలన్నీ ముందుకే చూస్తాయి. బాగుంటాయి, కాదనను. పని తేలికైంది, ఇప్పుడు ఆ మగ్గం నడిపే మా తమ్ముడి మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. అయితే ఒక మనిషి వేలు ఆగాల్సిన చోటు అందులో ఎక్కడా లేదు. మేము ఆ రోజుల్లో ఒకరి తప్పులు ఒకరం దాచుకుని, దాచినందుకు తిట్లు తిని, ఆ తిట్లతోనే మళ్ళీ కలిసి కూర్చున్నాం. అంత ఇరుకు ఇంట్లో కాబట్టి కుదిరిందేమో.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన కొన్ని రోజులకు మంజులను పిలిచి నా పక్కన కుర్చీ వేశాను.

"ఇంగ నువ్వు నా ఎనక సరిజేసేది వద్దు. ఈడ కూర్చో. పైన, ఆ సన్నటి శబ్దాల్లో, ఏమేం వినపడుతాండాయో నోటితో చెప్పు, నేను మీట తిప్పుతా."

"నోటితో యాడ చెప్పేదన్నా శబ్దాన్ని?"

"దేని మాదిరి ఉండాదో చెప్పు."

పాట పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుంది. "ఎండిన చెనక్కాయ కట్టె తొక్కినట్ల ఉండాది." తగ్గించాను. "ఇప్పుడు ఇసుక రాల్తాండాది." ఇంకాస్త తగ్గించాను. "ఆ, ఇప్పుడు చాలు. ఇంగ దించితివంటే సచ్చిపోతాది." నాకు ఏ తేడా తెలియలేదు. ఆమె మాటను పట్టుకుని చేత్తో గోడ తడుముకున్నట్టు పోయాను. వారం పాటు అట్లా పని చేసి, కొత్త పాట ఒకటి పూర్తిగా పేర్చి, మొదటి నుంచి చివరిదాకా ఆమెకు వినిపించాను. అయిపోయాక ఆమె వేళ్ళు విరుచుకుంటూ కూర్చుంది.

"చెప్పు."

"బాగలేదన్నా."

"యాడ, పైనా?"

"పైనంతా బాగుండాది. పాటే బాగలేదు."

ఇన్నేళ్ళలో ఆమె నాతో ఆ మాట అనడం అదే మొదలు. నాకు ముఖం మాడింది, తర్వాత ఛాతీలో ఏదో సర్దుకుని కూర్చుంది. ఇకమీదట ఈమె బాగుందంటే నమ్మవచ్చు. ఏ చోట మొదలైంది బాగలేకపోవడం అని అడిగాను. మొదట్నుంచీ, అంది.

పాట మొత్తం తుడిచేసి, మొదటి దెబ్బ దగ్గర మళ్ళీ కూర్చున్నాం.